వెల్క్రో: ఏ గోడకి ఏ జిగురు?

అపార్ట్‌మెంట్లో ఉన్నంతకాలం గోడకి మేకు కొట్టాలంటే మనకి చెయ్యి రాదు. ఖాళీ చేసేటప్పుడు సెక్యూరిటీ డిపాజిట్లో ఎంత కోస్తారో అని భయం. సొంతిల్లు కొనుక్కున్నాక కూడా ఆ అలవాటు ఓ పట్టాన పోదు. అందుకే దేవుడి పటాల నుంచి పవర్ స్ట్రిప్ దాకా అన్నిటికీ వెల్క్రో పాకెట్టే గతి. వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి ఉంటాయి, కొన్ని తెల్లారేసరికి నేల మీద ఉంటాయి. ఎందుకలా అన్నది ఎమ్మెస్ రోజుల్లో చదువుకున్న నాలుగు ముక్కలకి ఇంట్లో చేసిన పనుల అనుభవం కలిపి రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. వెల్క్రో అన్నది కంపెనీ పేరు, వస్తువు పేరు హుక్ అండ్ లూప్. 1941లో జార్జ్ డి మెస్ట్రాల్ అనే స్విస్ ఇంజనీరు కుక్కతో షికారుకెళ్ళి వచ్చి, దాని బొచ్చుకి అంటుకున్న గింజల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ప్రతి ముల్లు చివరా చిన్న కొక్కెం కనబడింది. మన చేలగట్ల మీద నడిస్తే పంచెలకీ పరికిణీలకీ పట్టుకునే ఉత్తరేణి గింజలు గుర్తున్నాయా? వినాయక చవితి పూజలో అపామార్గ పత్రం అంటూ వేసేది ఆ మొక్క ఆకులే. మనకి పూజకి పనికొచ్చింది, ఆయనకి 1955లో పేటెంటు తెచ్చిపెట్టింది. 1978లో ఆ పేటెంటు గడువు తీరాక అందరూ చెయ్యడం మొదలుపెట్టారు. అన్నిటినీ వెల్క్రో అనకండి మహాప్రభో అని 2017లో ఆ కంపెనీ ఏకంగా ఒక పాట తీసి వదిలింది. మనం జిరాక్స్ అనడం మానామా, ఇది మానడానికి!

ఇక అసలు విషయం. పటం కింద పడినప్పుడు చూడండి, గరుకు పట్టీ, మెత్తటి పట్టీ ఒకదాన్నొకటి గట్టిగానే పట్టుకుని ఉంటాయి. ఊడింది గోడకీ జిగురుకీ మధ్య. కాబట్టి కొక్కేల గురించి కాదు, జిగురు గురించి ఆలోచించాలి. రెండో సంగతి, ఈ పట్టీలు గోడ వెంబడి కిందికి లాగే బరువుని బాగా మోస్తాయి. ఒక అంచు పట్టుకుని అరటితొక్క ఒలిచినట్టు లాగితే మాత్రం ఇట్టే వచ్చేస్తాయి. పటం పై అంచు ముందుకి వాలితే జరిగేది అదే. అందుకని పట్టీల్ని పై అంచుకి వీలైనంత దగ్గరగా, నిలువుగా అంటించండి. మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే అక్కణ్ణుంచి లేవడం తగ్గుతుంది. పాకెట్ మీద రాసిన బరువులో సగమే నేను లెక్కలోకి తీసుకుంటాను.

జిగురుల్లో ముఖ్యంగా రెండు రకాలు. రబ్బరు జిగురు పెట్టగానే పట్టుకుంటుంది గానీ వేడికి మెత్తబడి జారుతుంది. యాక్రిలిక్ జిగురు నిదానం మనిషి, పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది, కానీ ఎండకీ వేడికీ బాగా తట్టుకుంటుంది. ఏదైనా సరే, ముందు రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, పట్టీని బొటనవేలితో గట్టిగా నొక్కి, బరువు మర్నాడు తగిలించండి. చలికాలంలో గరాజ్ గోడకి అంటించి లాభం లేదు, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉన్నప్పుడు చెయ్యండి.

మన వంటిళ్ళ సంగతి వేరే చెప్పాలి. పోపుల తాలూకు నూనె ఆవిరి కేబినెట్ల మీద కంటికి కనబడని పొరలా పేరుకుంటుంది. దానికి ఆల్కహాల్ ఒక్కటే చాలదు. ముందు గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక ఆల్కహాల్. పూజ అలమరలో దీపం పైనా, చుట్టూ కూడా ఇదే బెడద, పైగా వేడి. అక్కడ అంటించే పని పెట్టుకోకుండా పటాన్ని అరలో నిలబెట్టడమే నయం.

పెయింట్ వేసిన గోడకి అంటిస్తే, పట్టీ పెయింటుని పట్టుకుంటుంది గానీ గోడని కాదు. కొత్త పెయింటైతే కనీసం వారం ఆగాలి. అద్దె ఇళ్ళకి లాగితే సాగి ఊడే కమాండ్ రకం పట్టీలు మేలు. ఇటుక, కాంక్రీటు, పాలిష్ లేని చెక్క మీద జిగురు నిలవదు, అక్కడ స్క్రూలో స్టేపుల్సో కొట్టాల్సిందే. పాల డబ్బాల్లాంటి పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్కులకి ఏ జిగురూ సరిగా అంటదు. నీటి చుక్క వేసి చూడండి, పరుచుకోకుండా ముత్యంలా నిలబడితే జిగురు పరిస్థితీ అంతే.

కారు మరీ కష్టం. 2018లో అరిజోనాలో చేసిన ఒక అధ్యయనంలో, ఎండలో ఒక గంట నిలిపిన కార్ల డాష్‌బోర్డు సగటున 157 డిగ్రీలకి చేరింది. రబ్బరు జిగురు అక్కడ బతకదు. ఈజీపాస్ ట్యాగుతో వచ్చే పట్టీలు మామూలు వెల్క్రో కావు, రెండు వైపులా పుట్టగొడుగు తలల్లాంటివి ఉండి టిక్కుమని పట్టుకునే రకం. విండ్‌షీల్డు లోపలి వైపు అంటించే ముందు ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

బట్టలకి జిగురు పట్టీ కుట్టకండి, సూదికి జిగురు చుట్టుకుని దారం తెగుతుంది. కుట్టుకి విడిగా దొరికే పట్టీ తెచ్చుకుని చుట్టూ చతురస్రంగా మిషన్ కుట్టు వెయ్యండి. పిల్లల కూచిపూడి దుస్తులకైతే మెత్తటి వైపు ఒంటి పక్కకి ఉండాలి. ఉతికేముందు రెండూ మూసెయ్యకపోతే గరుకు వైపు పక్కనున్న పట్టుచీరని పీకి పెడుతుంది.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చేముందు హార్డ్‌వుడ్ నేల మీద పరిచిన చిన్న రగ్గుల్ని చూడండి. ఈ దేశంలో 65 దాటినవాళ్ళలో గాయాల వల్ల సంభవించే మరణాలకి మొదటి కారణం కింద పడటమే. విజిటర్ ఇన్సూరెన్స్ తుంటి ఎముక ఆపరేషన్‌కి ఎంతిస్తుందో పాలసీ చదివినవాళ్ళకి తెలుసు. రగ్గు నాలుగు మూలలకీ, మధ్యలో అంచులకీ హుక్ అండ్ లూప్ రగ్ టేప్ వెయ్యండి. నేల పాలిష్ పాడు చెయ్యనిది అని రాసి ఉన్నదే కొనండి. రగ్గు అడుగున రబ్బరు పూత ఉంటే జిగురు అంటదు, అలాంటి రగ్గుని చుట్టి అటక మీద పెట్టెయ్యడమే మంచిది. బాత్రూమ్ ముందర వేసే పట్టాలకి వెల్క్రో వద్దు, తడికి జిగురు ఊడుతుంది. సక్షన్ కప్పులతో బిగించే గ్రాబ్ బార్లని కూడా నమ్మొద్దు, గోడలోని స్టడ్‌కి స్క్రూలతో బిగించినవే పెట్టించండి.

తీసేటప్పుడు బలంగా పీకొద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వేడి చేసి, పళ్ళ మధ్య వాడే ఫ్లాస్ దారాన్ని పట్టీ వెనక రంపంలా లాగండి. మిగిలిన మరకని వేలితో రుద్దితే ఉండలు కట్టి వచ్చేస్తుంది, రాకపోతే గూ గాన్. అది నూనె సరుకు కాబట్టి పెయింట్ గోడ మీద వాడేముందు సోఫా వెనకాల ఎక్కడైనా ఒక చుక్క వేసి చూసుకోండి.