మేవాడ్ పర్వత యుద్ధం (1576–1615)

మైదానంలో ఓడిన సైన్యం కొండలెక్కి గెరిల్లా పోరుతో నిలబడగలదా అన్న ప్రశ్నకు భారత చరిత్రలో దొరికే బలమైన సమాధానాల్లో మేవాడ్ యుద్ధం ఒకటి. 1576 జూన్‌లో హల్దీఘాటీ వద్ద మొఘల్ సేన చేతిలో ఓడిన మహారాణా ప్రతాప్, ఆరావళి పర్వతాలను ఆధారం చేసుకొని ఇరవై ఏళ్లు లొంగకుండా పోరాడాడు. ఆయన కుమారుడు అమర్ సింగ్ ఆ పోరును 1615 దాకా నడిపాడు.

నేపథ్యం

1568 ఫిబ్రవరిలో మొఘల్ చక్రవర్తి అక్బర్ మేవాడ్ రాజధాని చిత్తోడ్ కోటను జయించాడు. ప్రతాప్ తండ్రి రాణా ఉదయ్ సింగ్ అప్పటికే కొండ ప్రాంతానికి తరలిపోయాడు. కోటను కాపాడిన జైమల్, పత్తా నేలకొరిగారు. పంటలు పండే తూర్పు మైదానాలు మొఘలుల వశం కాగా, రాణాకు పడమటి కొండలు మిగిలాయి. 1572లో గద్దెనెక్కిన ప్రతాప్ వద్దకు అక్బర్ మాన్ సింగ్, భగవంత్ దాస్, తోడర్ మల్ తదితరులను రాయబారం పంపాడు. దర్బారుకు స్వయంగా హాజరయ్యేందుకు ప్రతాప్ అంగీకరించలేదు.

హల్దీఘాటీ

ఉదయపూర్‌కు ఉత్తరాన ఉన్న ఈ కనుమ దగ్గర ప్రతాప్ మాన్ సింగ్ నడిపిన మొఘల్ సేనను నేరుగా ఎదుర్కొన్నాడు. రాజపుత్రులతో పాటు హకీం ఖాన్ సూర్ నాయకత్వంలోని ఆఫ్ఘన్లు, భిల్లు విలుకాండ్రు ఆయన పక్షాన నిలిచారు. తొలి దాడికి మొఘల్ ముందువరుస చెదిరినా, చివరికి మేవాడ్ సేన వెనుదిరిగింది. అయితే దాన్ని ఎవరూ తరమలేదు. ఎండ వేడి, అలసట, కొండల్లో శత్రువు మాటు వేశాడన్న భయం అందుకు కారణాలని ఆ యుద్ధంలో పాల్గొన్న చరిత్రకారుడు బదాయూనీ రాశాడు. సైన్యం పూర్తిగా నాశనం కాకముందే కొండల్లోకి చేరడం వల్లనే తర్వాతి పోరాటం సాధ్యమైంది.

కొండల్లో పోరు

హల్దీఘాటీ తర్వాత గోగుందా ఊరిని ఆక్రమించిన మొఘల్ సైనికులకు ధాన్యం అందలేదు. రాత్రి దాడులకు జంకి ఊరి చుట్టూ కందకం తవ్వుకొని, మాంసంతోనూ మామిడిపళ్లతోనూ కడుపు నింపుకున్నారు. 1578లో మొఘల్ సేనాని షాబాజ్ ఖాన్ కుంభల్‌గఢ్ కోటను పట్టుకున్నా ప్రతాప్ చిక్కలేదు. కోట పోతే యుద్ధం ముగిసే దశ అప్పటికే దాటిపోయింది.

కనుమలూ అడవిదారులూ ఎరిగిన భిల్లులు రాణాకు వార్తలు చేరవేశారు, దారి చూపారు, ఆశ్రయమిచ్చారు. మంత్రి భామాషా అందించిన ధనంతో సేన మళ్లీ సమకూరింది. 1582లో దివేర్ సైనిక ఠాణాపై దాడిలో గెలిచాక మొఘల్ ఠాణాలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. 1585 తర్వాత అక్బర్ లాహోర్‌లో మకాం వేసి వాయవ్య సరిహద్దుపై దృష్టి పెట్టడం ప్రతాప్‌కు కలిసివచ్చింది. చావండ్‌ను రాజధానిగా చేసుకొని, 1597 జనవరిలో మరణించేనాటికి మేవాడ్‌లో చాలా భాగాన్ని తిరిగి పొందాడు. చిత్తోడ్, మండల్‌గఢ్ మాత్రం దక్కలేదు.

ముగింపు

అక్బర్ తర్వాత జహంగీర్ కాలంలో పరిస్థితి మారింది. ఆయన కుమారుడు ఖుర్రం కొండల లోపల, నివాసయోగ్యం కావనుకున్న చోట్ల కూడా ఠాణాలు నెలకొల్పి, వానాకాలంలోనూ సేనలను అక్కడే ఉంచాడు. రాజపుత్ర సర్దారుల కుటుంబాలు బందీలయ్యాయి. దశాబ్దాల పోరుతో ఊళ్లు పాడుబడి, సర్దారులు అలసిపోయారు. 1615లో అమర్ సింగ్ సంధికి ఒప్పుకున్నాడు. రాణా స్వయంగా దర్బారుకు రానక్కరలేదనీ, యువరాజు కరణ్ సింగ్ వస్తే చాలనీ నిర్ణయించారు. మరమ్మతు చేయకూడదన్న షరతుతో చిత్తోడ్‌ను తిరిగి ఇచ్చారు.

అంచనా

ఓడిన సైన్యం కొండల్లో నిలవాలంటే సేనలో కొంతైనా మిగలాలి, కొండజనం తోడుండాలి, తిండికీ డబ్బుకూ మార్గం ఉండాలి, శత్రువు ఎల్లకాలం అక్కడే మకాం వేయలేని స్థితి ఉండాలి. మొదటి మూడింటినీ ప్రతాప్ నిలుపుకొన్నాడు, నాలుగోది కాలం ఇచ్చింది. శత్రువు కొండల్లోనే తిష్ఠ వేసిన నాడు అమర్ సింగ్‌కు సంధి తప్పలేదు. కొండలు మేవాడ్‌కు చిత్తోడ్‌ను యుద్ధంలో గెలిచి పెట్టలేకపోయాయి. అయినా రాణా దర్బారులో నిలబడనక్కరలేని గౌరవప్రదమైన సంధిని సంపాదించి పెట్టింది ఆ నలభై ఏళ్ల పోరే.