ఎగుమూరులోని అమరావతి

చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఎగుమూరు మ్యూజియమును చూడని వారరుదు. సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని పోవుదుము. తిమింగిలపు అస్థిపంజరమును చూపి అబ్బురపరతుము. అమరావతి శిల్పములను మాత్రము నిలువక దాటిపోవుదుము. నేనును చిరకాలమట్లే చేసితిని.

ఆ శిలలు కృష్ణాతీరమునుండి వచ్చినవి. 18వ శతాబ్ది చివరకు అమరావతి మహాస్తూపము 'దీపాలదిన్నె' యను దిబ్బగా మిగిలెను. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అచట పట్టణము కట్టించునపుడు ఆ రాళ్లు కొన్ని కట్టడములలో కలిసిపోయినవి. 1797లో కాలిన్ మెకంజీ దిబ్బను దర్శించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి శిల్పములను చెన్నపట్టణమునకు పంపెను. ఏండ్ల తరబడి అవి ఎండకు వానకు ఆరుబయట పడియుండి, 1859లో చాలవరకు ఓడనెక్కి లండను చేరినవి. పిమ్మట 1877లో సూయెల్, 1881–82లో బర్జెస్ వెలికితీసిన శిలలు ఎగుమూరు సంపదను పెంచినవి.

అచటి వృత్తఫలకమొకటి చూడదగినది. మదించిన నాలగిరి యేనుగు వీథిలో జనులను తొక్కుచు వచ్చుటయు, బుద్ధుని యెదుట మోకరిల్లుటయు అందొక్కచోటనే చెక్కబడినవి. మేడ గవాక్షములనుండి స్త్రీలు తొంగిచూచుచుందురు.

ఇటీవల మా మనుమరాలు నాతో వచ్చి, "తాతయ్యా, ఈ రాతలలో మన తెలుగెక్కడ?" అని యడిగెను. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతమని చెప్పక తప్పలేదు. అయినను అమరావతి శాసనఖండమొకదానిలో 'నాగబు' అను తెలుగు పదమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిరని చెప్పితిని.

పిదప విధికుని దానశాసనమును గూర్చి చెప్పితిని. అతడు రాజు కాడు, చర్మకారుడు. నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారుడు నాగునితో, కుమార్తెలతో, బంధుమిత్రులతో కూడి పూర్ణఘట ఫలకము నొసగెను. తాతపేరు మనుమనికి పెట్టుట నాడును గలదన్నమాట!

"మన యన్నయ్యకువలెనే!" అని మనుమరాలు సంతోషించినది. నీ పేరును తెలుగున వ్రాసి చూపుమంటిని. అరవమున వ్రాసినది, ఇంగ్లీషున వ్రాసినది; తెలుగున వ్రాయలేకపోయినది. ఆ దోషము పిల్లది కాదు, నాది.

లండనుకు పోయిన శిలలను మనము తేజాలము. ఇంటిలోని పిల్లలకు అక్షరములు నేర్పుట మన చేతిలోనిదే. చెప్పులు కుట్టిన విధికుడు తనవారినందరిని శిలపై నిలిపిపోయెను. మనము పిల్లలచేత వారి పేర్లనైనను పలకపై వ్రాయింపవలదా?