నడివయసులోను, వృద్ధాప్యములోను తేనీరు

తేనీరు లేదా టీ, తేయాకును మరుగునీటిలో వేసి తయారుచేసే పానీయము. తెలుగునాట ఇళ్ళలోను, వీధి కొట్లలోను అన్ని వయసులవారు దీనిని తాగుతారు. నలభై ఏళ్ళు దాటిన తరువాత నిద్ర, జీర్ణశక్తి, రక్తములో చక్కెర, రక్తపోటు వంటి విషయాలలో శరీరపు తీరు మారుతుంది. చాలామంది ప్రతిరోజూ మందులు వాడడం మొదలుపెడతారు. యవ్వనంలో ఏ ఇబ్బందీ కలిగించని టీ అలవాటును ఈ వయసులో కొంత సరిదిద్దుకోవలసి వస్తుంది. టీని పూర్తిగా మానవలసిన అవసరం చాలామందికి ఉండదు. ఏ టీ, ఎంత, ఎప్పుడు, ఎంత పంచదారతో అన్నవే ముఖ్యమైన ప్రశ్నలు. విజయవాడలోని పటమట, కృష్ణా డెల్టా ప్రాంతపు అలవాట్లను దృష్టిలో ఉంచుకొని ఆ విషయాలు ఇక్కడ వివరించబడ్డాయి.

తేయాకు - రకాలు

తేయాకు మొక్క శాస్త్రీయ నామము కమెలియా సైనెన్సిస్. గ్రీన్ టీ, ఊలాంగ్ టీ, నల్ల టీ అన్నీ ఈ ఒక్క మొక్క ఆకులనుండే వస్తాయి. తేడా అంతా ఆకును తయారుచేసే పద్ధతిలో ఉన్నది. కోసిన వెంటనే వేడి తగిలించి ఆరబెడితే గ్రీన్ టీ అవుతుంది. ఆకును వాడనిచ్చి, నలిపి, గాలి బాగా సోకనిచ్చి ఆ తరువాత ఆరబెడితే నల్ల టీ అవుతుంది. ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉండేది ఊలాంగ్.

తెలుగు ఇళ్ళలో వాడే టీ పొడిలో ఎక్కువ భాగము సి.టి.సి. రకానికి చెందినది. ఆకును నలిపి, చింపి, చిన్న గుండ్లుగా చుట్టే ఈ యంత్ర పద్ధతి 1930వ దశకంలో అస్సాంలో మొదలయింది. దీనివలన తక్కువ పొడితో చిక్కని రంగు, ఘాటు త్వరగా దిగుతాయి. పాలు కలిపినా రుచి నిలుస్తుంది. మరీ సన్నని రకాన్ని డస్టు అంటారు. టీ కొట్లలో సాధారణంగా దీనినే వాడతారు.

తేయాకుకు ఆమ్లగుణము గల నేల, నీరు నిలవని కొండవాలు, చల్లని వాతావరణము కావాలి. వరి పండే కృష్ణా డెల్టాలో ఇది పండదు. ఇక్కడికి టీ పొడి అస్సాం, ఉత్తర బెంగాల్, నీలగిరులవంటి ప్రాంతాలనుండి వస్తుంది.

కృష్ణా డెల్టాలో టీ అలవాటు

1903లో ఆంగ్ల ప్రభుత్వము ఎగుమతి అయ్యే తేయాకుపై సుంకము విధించి, ఆ సొమ్మును టీ ప్రచారానికి కేటాయించింది. 1930వ దశకంలో ఆర్థిక మాంద్యము వలన ఎగుమతులు దెబ్బతినగా దేశములోపల ప్రచారము ముమ్మరమయింది. రైల్వే స్టేషన్లు, కర్మాగారాలు, సంతలు ఈ ప్రచారానికి కేంద్రాలయ్యాయి. మజ్జిగ, తరవాణి, కాఫీ అలవాటున్న సమాజంలో టీ ఈ విధంగా ప్రవేశించి, క్రమంగా అందరికీ అందుబాటులో ఉండే పానీయమయింది.

పటమట ఒకప్పుడు ప్రత్యేక గ్రామము. తరువాత విజయవాడ నగరములో కలిసింది. ఇది 2022 వరకు కృష్ణా జిల్లాలోను, ఆ తరువాత ఎన్టీఆర్ జిల్లాలోను ఉన్నది. పక్కనే లారీల మరమ్మత్తుకు పేరుపొందిన ఆటోనగర్, సమీపంలో బెంజి సర్కిల్ ఉండడంతో ఇక్కడ టీ కొట్లు తెల్లవారుజాముననే తెరుచుకుంటాయి. కొట్టులో ఇచ్చే గ్లాసు చిన్నది. అందువలన రోజుకు ఎన్ని తాగుతున్నదీ లెక్క తెలియదు. పైగా చాలా కొట్లలో పాలు, పంచదార, టీ పొడి ముందే కలిపి మరిగిస్తారు కాబట్టి తాగేవారికి పంచదార తగ్గించుకొనే వీలు ఉండదు. పంచదార లేని టీ కావాలంటే ముందుగా చెప్పి విడిగా పెట్టించుకోవలసి ఉంటుంది.

కెఫీన్, నిద్ర

టీలో ఉత్సాహాన్ని కలిగించే పదార్థము కెఫీన్. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారము 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్, అంతే పరిమాణము గల డికాషన్ కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటాయి. అన్ని పానీయాలూ కలిపి రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని ఆ సంస్థ సూచించింది. ఈ లెక్కన ఒక మోస్తరు టీ రోజుకు మూడు, నాలుగు కప్పుల వరకు ఆరోగ్యవంతులకు ఇబ్బంది కాదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలయిన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది.

శరీరములో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రము 5 గంటలకు 60 మిల్లీగ్రాములు తాగితే రాత్రి 10 గంటలకు కూడా 30 మిల్లీగ్రాములు మిగిలి ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ నిద్ర సహజంగానే పలచబడుతుంది. రాత్రి మూత్రానికి లేచే అవసరము పెరుగుతుంది. నిద్ర చాలక మరునాడు మరింత టీ తాగడం, దానివలన ఆ రాత్రి మళ్ళీ నిద్ర తగ్గడం చాలా ఇళ్ళలో కనిపించే విషయము. నిద్రమాత్ర అడిగే ముందు సాయంత్రపు టీని రెండు వారాలు మధ్యాహ్నము 3 గంటల లోపునకు మార్చి చూడడం మంచిది.

గుండెదడ, అదుపులో లేని రక్తపోటు, ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు ఉన్నవారు పరిమితిని ఇంకా తగ్గించుకోవాలి. పరగడుపున చిక్కని టీ తాగడం మంటను పెంచవచ్చు.

ఇనుము, రక్తహీనత

టీలోని టానిన్ వంటి పదార్థాలు ఆకుకూరలు, పప్పులు, చోళ్ళు మొదలైన శాకాహారములోని ఇనుముతో కలిసి అది ఒంటికి పట్టకుండా చేస్తాయి. టిఫిను తినగానే టీ, భోజనము కాగానే టీ తాగే అలవాటు వలన గోంగూర, తోటకూర తిన్నా వాటిలోని ఇనుము పూర్తిగా దక్కదు. జాతీయ పోషకాహార సంస్థ భోజనానికి కనీసము ఒక గంట ముందు, ఒక గంట తరువాత టీ, కాఫీ తాగవద్దని సూచించింది.

ఇది నలభైలలో ఉన్న స్త్రీలకు మరీ ముఖ్యము. ముట్లు నిలిచే ముందు సంవత్సరాలలో కొందరికి రక్తస్రావము ఎక్కువగా ఉంటుంది. ఆయాసము, నీరసము వస్తే దానిని పోగొట్టుకొనడానికి మరో కప్పు టీ తాగుతారు. రక్తహీనత మాత్రము అలాగే ఉండిపోతుంది. వృద్ధులలో కారణము తెలియని రక్తహీనత కనిపిస్తే టీని నిందించి ఊరుకోకూడదు. కడుపులో, పేగులలో రక్తస్రావము ఉన్నదేమో వైద్యులచేత పరీక్ష చేయించుకోవాలి.

పంచదార, పాలు

నడివయసులో టీ వలన కలిగే నష్టములో ఎక్కువ భాగము తేయాకునుండి కాక పంచదారనుండి వస్తుంది. ఒక చెంచా పంచదార 4 నుండి 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులకు 32 నుండి 40 గ్రాములు అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, ఆహారానికి అదనంగా చేర్చే చక్కెరలు రోజుకు సుమారు 25 గ్రాముల లోపు ఉంటే మేలని సూచించింది. అంటే స్వీట్లు ఏమీ తినకపోయినా టీతోనే ఆ హద్దు దాటిపోతుంది. తెల్లన్నము ఎక్కువగా తినే డెల్టా ప్రజలకు మధుమేహ దృష్ట్యా ఇది గమనించదగిన విషయము. పంచదార బదులు బెల్లము వేసుకున్నా రక్తములో చక్కెర పెరగడంలో పెద్ద తేడా ఉండదు.

డెల్టాలో గేదెపాల వాడకము ఎక్కువ. 50 మిల్లీలీటర్ల చిక్కని గేదెపాలు, రెండు చెంచాల పంచదార కలిపిన కప్పులో సుమారు 90 కెలోరీలు ఉంటాయి. నాలుగు కప్పులు ఒక పూట టిఫినుతో సమానము. ప్యాకెట్ పాలలో ఫుల్ క్రీమ్ పాలకు 6 శాతము, టోన్డ్ పాలకు 3 శాతము, డబుల్ టోన్డ్ పాలకు 1.5 శాతము వెన్న ఉంటుంది. బరువు, కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారు టోన్డ్ రకాలు వాడుకోవచ్చు. ఒంటరిగా ఉండే వృద్ధులు కొందరు వండుకోలేక రాత్రిపూట టీ, బిస్కట్లతో సరిపెట్టుకుంటారు. ఆకలి తీరినట్లు అనిపించినా మాంసకృత్తులు అందక కండ తగ్గిపోతుంది. టీ భోజనానికి బదులు కాదు.

మందులు, పరీక్షలు

* థైరాయిడ్ మాత్ర (లీవోథైరాక్సిన్) పరగడుపున మంచినీటితో వేసుకోవాలి. ఆ తరువాత అరగంట నుండి గంట వరకు టీ తాగకూడదు.
* ఇనుము మాత్రలు టీతో వేసుకుంటే సరిగా పనిచేయవు.
* ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ కెఫీన్ వంటి పదార్థమే. రెండూ కలిస్తే దడ, వణుకు పెరగవచ్చు. సిప్రోఫ్లాక్ససిన్ వాడే రోజులలో కెఫీన్ శరీరములో ఎక్కువసేపు నిలుస్తుంది.
* పరగడుపు రక్తపరీక్షకు ముందు మంచినీరు తప్ప ఏమీ తాగకూడదు. "కొంచెం టీయే కదా" అని తాగితే ఫలితము తప్పుగా వస్తుంది.
* రక్తపోటు చూపించుకొనే ముందు అరగంట టీ తాగకుండా ఉండాలి.
* మూత్రపిండాలు, గుండె జబ్బుల వలన వైద్యులు నీటికి కొలత పెట్టినవారు టీని కూడా ఆ కొలతలో లెక్కించాలి.
* కీళ్ళు, ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న నల్గొండ, కనిగిరి వంటి ప్రాంతాలవారు టీ తగ్గించుకోవడం మంచిది. తేయాకు మొక్క నేలనుండి ఫ్లోరైడ్‌ను తీసుకొని ఆకులలో నిలవచేస్తుంది.

వేడి, కప్పులు

2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 65 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడితో తాగే పానీయాలను, అవి ఏవైనా సరే, అన్నవాహిక క్యాన్సరుకు కారణము కాగల వాటిలో చేర్చింది. దించిన టీని నాలుగైదు నిమిషాలు ఆగి తాగితే సరిపోతుంది. పార్సెల్ టీని పలుచని ప్లాస్టిక్ సంచులలో తీసుకొనడం కంటే ఇంటినుండి స్టీలు ఫ్లాస్కు తీసుకువెళ్ళడం మేలు. కాగితపు కప్పుల లోపలి పొరకూడా ప్లాస్టిక్కే. 2020లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు వేడి ద్రవము పావుగంట నిలిచిన ఒక్క కప్పులో సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులను గుర్తించారు. గాజు గ్లాసు శుభ్రంగా కడిగి ఇచ్చే కొట్టు అయితే అదే మంచిది.

టీ పొడి ఎంపిక, కల్తీ

విడి పొడిలో వాడేసిన పిప్పిని ఎండబెట్టి రంగు వేసినది, చింతపిక్కల పొట్టు, జీడిపప్పు పొట్టు కలిపే అవకాశముంది. ఇంటిలో చేయదగిన పరీక్షలు రెండు ఉన్నాయి. తడిపిన వడపోత కాగితముపై పొడిని చల్లి కొంతసేపటికి తీసివేసినప్పుడు రంగు మరకలు గాఢంగా పరుచుకొని ఉంటే కృత్రిమ రంగు ఉన్నట్లు అనుమానించాలి. పొడిలో అయస్కాంతము తిప్పితే ఇనుపరజను ఉన్నచో అంటుకుంటుంది. ప్యాకెట్టుపై 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, ప్యాక్ చేసిన తేదీ చూసి కొనాలి. టీ పొడి తేమను, వాసనను త్వరగా పీలుస్తుంది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చిన్న ప్యాకెట్లు కొని, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, మసాలా దినుసులకు దూరంగా ఉంచుకోవాలి.

తయారుచేసే విధానము

కప్పుకు సుమారు 2 గ్రాముల పొడి చాలు. నీరు మరిగిన తరువాత పొడి వేసి, సి.టి.సి. రకమైతే రెండు నిమిషాలు, ఆకు టీ అయితే మూడు నుండి ఐదు నిమిషాలు ఉంచి వడగట్టాలి. కెఫీన్ మొదటి కొద్ది నిమిషాలలోనే చాలావరకు దిగిపోతుంది. ఆ తరువాత మరిగించినకొద్దీ వగరే పెరుగుతుంది, ఆ వగరును కప్పిపుచ్చడానికి పంచదార ఎక్కువ వేయవలసి వస్తుంది. తక్కువసేపు మరిగించడమే పంచదార తగ్గించే సులభమైన మార్గము. అల్లము, ఏలకులు వేస్తే తీపి తక్కువయినా రుచి లోపించదు. గ్రీన్ టీకి మరుగునీరు కాక సుమారు 80 డిగ్రీల నీరు వాడాలి. గ్రీన్ టీలో కూడా కెఫీన్ ఉంటుంది. తులసి, నిమ్మగడ్డి, శొంఠి కషాయాలలో తేయాకు లేదు కాబట్టి కెఫీన్ ఉండదు. రాత్రిపూట అవి అనుకూలము.

మేలు గురించిన పరిశోధనలు

2022లో బ్రిటనులో 40 నుండి 69 ఏళ్ళ వయసు గల సుమారు 5 లక్షల మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి. రోజుకు రెండు లేదా అంతకంటే ఎక్కువ కప్పుల టీ తాగేవారిలో మరణాల రేటు, తాగనివారికంటే 9 నుండి 13 శాతము తక్కువగా ఉన్నట్లు తేలింది. అయితే ఇటువంటి పరిశీలన టీయే అందుకు కారణమని నిరూపించదు. అలవాటున్నవారు మితంగా కొనసాగించవచ్చుననడానికి ఇది ఆధారము. అలవాటు లేనివారు ఆరోగ్యము కోసమని కొత్తగా మొదలుపెట్టనక్కరలేదు.

తగ్గించే పద్ధతి

ఒక్కసారిగా మానివేస్తే ఒకటి రెండు రోజులలో తలనొప్పి, చికాకు, మందకొడితనము రావచ్చు. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలలో వచ్చే తలనొప్పికి ఆకలితోపాటు ఇదికూడా ఒక కారణము. వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించడం, ఒక పూట పూర్తి గ్లాసుకు బదులు వన్ బై టూ తీసుకోవడం, పంచదారను వారానికి పావు చెంచా చొప్పున తగ్గించడం అనుసరించదగిన పద్ధతులు. మే నెలలో విజయవాడ ఎండలు 45 డిగ్రీలకు చేరినప్పుడు వృద్ధులకు దాహము సరిగా తెలియదు. ఆ రోజులలో దాహానికి టీపై ఆధారపడకుండా మంచినీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మధ్యమధ్య తాగాలి. రక్తపోటు ఉన్నవారు ఆ ఉప్పును తగ్గించుకోవాలి.

ఇవి కూడా చూడండి

* తేయాకు
* కాఫీ
* మధుమేహము
* రక్తహీనత
* మజ్జిగ
* విజయవాడ