మన పూర్వీకులు ఏం తిన్నారు?

పోయిన ఏడాది ఆదివాసీ దినోత్సవానికి మా ఆశ్రమ పాఠశాలలో వక్తృత్వ పోటీ పెట్టాం. అంశం 'శాకాహారమా, మాంసాహారమా'. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు "మనం వేటగాళ్ళం, మన పూర్వీకులు మాంసం మీదనే బతికారు" అని బల్ల గుద్ది చెప్పాడు. వాడి తర్వాత వచ్చిన అమ్మాయి "ప్రకృతిని పూజించే ఆదివాసీ ఏ జీవినీ చంపలేదు, మనవాళ్ళు ఆకులు, కాయలు, దుంపలు తిని బతికిన సాధువులు" అంది. ఇద్దరికీ చప్పట్లు బాగానే పడ్డాయి. మార్కులు వెయ్యాల్సిన నాకే ఏమీ తోచలేదు. ఇద్దరూ చరిత్ర పేరు చెప్పి మాట్లాడారు. ఇద్దరూ తమ వాదనకు అడ్డం వచ్చేదాన్ని పక్కకు నెట్టేశారు.

ముందు అబ్బాయి మాట చూద్దాం. 1940 ప్రాంతంలో హైమండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త నల్లమల చెంచుల మధ్య, ఆ తర్వాత పాపికొండల దగ్గర కొండరెడ్ల మధ్య ఉండి వాళ్ళ బతుకు రాశాడు. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్ల పుస్తకం 1945లో వచ్చాయి. చెంచు మగవాడు విల్లు పట్టుకుని తిరిగినా, ఇంటిల్లిపాదికీ రోజూ కడుపు నింపింది ఎక్కువగా ఆడవాళ్ళు గడ్డపారతో తవ్వి తెచ్చిన దుంపలే. కొండరెడ్లకైతే పోడు జొన్నలు, చిరుధాన్యాలు అయిపోయాక జీలుగు చెట్టు బోదెలోని పిండి, మామిడి టెంకల అంబలి దిక్కు. మా గోదావరి కోయ గూడేల్లోనూ అంతే. మా అమ్మ కుండలో సంవత్సరంలో ఎక్కువ రోజులు ఉడికింది జొన్న జావ, చింతచిగురు, అడవి ఆకుకూరలు, వెదురు కొమ్ములు. చేదు దుంపల్ని కోసి, రాత్రంతా ఏటి నీళ్ళలో నానబెట్టి, విషం పోయాక వండేది. పండుగకు కోడి, వేట దొరికినప్పుడు గూడెమంతా పంచుకున్న ముక్కలు, వానాకాలం చేపలు, పీతలు, ఎండు చేపలు. మాంసం మీద మనసు ఎప్పుడూ ఉండేది, కుండలోకి మాత్రం అప్పుడప్పుడే వచ్చేది. వేట కథలు చెప్పుకున్నంత గొప్పగా దుంపల కథలు మనం చెప్పుకోలేదు. తవ్వింది ఆడవాళ్ళు కాబట్టేనేమో.

ఉన్న ఆ కాస్త వేట కూడా తగ్గింది ఎందుకు? ఎవరో అహింస బోధించినందుకు కాదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది, పోడుకు, వేటకు అడ్డు పడింది. దొరలు, జమీందార్లు మాత్రం తుపాకులతో వేటాడుతూనే ఉన్నారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేట మీద ఆంక్షలు ఇంకా బిగిశాయి. ఇప్పుడు అడవిలో జంతువులు తక్కువ, చట్టం ఉంది, పిల్లలకు ఆ సంగతి చెప్పాల్సిందే. కానీ వేట మానిపించిన చరిత్రను మన దయాగుణంగా రాసుకోవడం తప్పు.

ఇక అమ్మాయి మాట. మన దేవుళ్ళు కోడిని, మేకను అడిగారు. ఆదిలాబాద్ గోండుల పెర్సాపేన్ కొలుపుల్లో ఆవును బలి ఇచ్చిన ఆచారాన్ని కూడా హైమండార్ఫ్ రాశాడు. కోయల్లో పెద్దకూర తిన్నవాళ్ళు ఉన్నారు, తినని తెగలూ మన పక్కనే ఉన్నాయి. ఇవన్నీ తెలిసి కూడా మనం నోరు మెదపం. ఎందుకో నాకు బాగా తెలుసు.

టీటీసీ చేసే రోజుల్లో హాస్టల్లో అన్నం తింటుండగా ఒక తోటి విద్యార్థి నవ్వుతూ అడిగాడు, "మీ వాళ్ళు పెద్దకూర తింటారటగా?" అని. "ఛ, మా ఇంట్లో ముట్టం" అన్నాను. అంతకు నెల క్రితమే ఇంటి దగ్గర తిని వచ్చాను. అదే బల్ల మీద దళిత మిత్రుడు ఒకడున్నాడు. వాణ్ణి కూడా అడిగారు. వాడు "తింటాం" అన్నాడు. ఆ రోజు నుంచి వాడి పక్కన కొందరు కూర్చోలేదు. నేనూ ఒక వారం కూర్చోలేదు. వాడు నన్ను ఏమీ అనలేదు, నా అబద్ధం వాడికి తెలుసు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక లెక్క చూశాను. 2014లో కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేసిన సర్వేలో, 15 ఏళ్ళు దాటినవారిలో మాంసాహారులు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 98 మందికి పైగా ఉన్నారు. దేశం మొత్తం మీద నూటికి 71 మంది. అంటే ఆ హాస్టల్ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు దాదాపు అందరూ తినేవాళ్ళే. సిగ్గు పడాల్సిన పని మాత్రం మా ఇద్దరికే అప్పజెప్పారు.

అయితే మాంసం మానిన ఆదివాసీలు కూడా మన చరిత్రలో ఉన్నారు. వాళ్ళను దాచినా అబద్ధమే. 1914లో ఛోటానాగపూర్‌లో జత్రా ఒరాన్ చెప్పిన మాట విని తానా భగత్‌లు మాంసం, సారా, బలులు మానేశారు. వాళ్ళే జమీందార్లకు వెట్టి చెయ్యమన్నారు. 1922లో దక్షిణ గుజరాత్‌లో సలాబాయి అనే దేవి కొందరి ఒంటి మీదికి వచ్చి ఆజ్ఞలు చెప్పింది: సారా, కల్లు తాగొద్దు, మాంసం, చేపలు తినొద్దు, రోజూ స్నానం చెయ్యండి, పార్సీల దగ్గర పనికి పోవద్దు. చౌధరీలు, గామిత్‌లు, ధోడియాలు, కొంకణాలు వేలాదిగా గుమిగూడి విన్నారు. అక్కడ పార్సీలంటే సారా దుకాణదారులు, భూస్వాములు. 1878 బొంబాయి ఆబ్కారీ చట్టం వచ్చాక ఇంట్లో ఇప్పసారా కాచుకోవడం నేరమై, అదే సారా దుకాణంలో అప్పుకు కొని భూములు పోగొట్టుకున్నారు. డేవిడ్ హార్డిమన్ 1987లో ఈ ఉద్యమం మీద పుస్తకం రాశాడు. పై కులాల అలవాట్లను ఊరికే అనుకరించారని కొట్టెయ్యడానికి లేదని, తమను పీల్చేవాళ్ళ పట్టు విడిపించుకోవడానికి ఆదివాసీలు తీసుకున్న దారి అదని ఆయన వాదన. కొన్నాళ్ళకు చాలామంది మళ్ళీ మాంసం తిన్నారు. చౌధరీల్లో మానినవాళ్ళు, మొదలెట్టినవాళ్ళు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఈ చీలిక సంగతి వదిలేసి కథ చెబితే అందంగానే ఉంటుంది, సగమే ఉంటుంది.

మన వైపు కూడా చూడండి. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు వచ్చిన కారణాల్లో ఒకటి కల్లు మీద పన్ను. మనవాళ్ళు కల్లు గీసుకునే హక్కు కోసం లేచారు. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడికి ముందు గూడేల్లో తాగుడు మానమని చెప్పుకొచ్చాడు. ఒకచోట తాగే హక్కు, ఒకచోట మానడం. రెండుచోట్లా ఎదురుగా ఉన్నది మాత్రం సర్కారు, దాని గుత్తేదారు.

తిండి విషయంలో నిజాయితీ అంటే నాకు గాంధీ మేకపాలు గుర్తొస్తాయి. పశువుల్ని పెట్టే బాధ తెలిసి 1912లో ఆయన పాలు మానేశాడు. తర్వాత పెద్ద జబ్బు చేసినప్పుడు కస్తూర్బా మాట మీద మేకపాలు తాగాడు. ఒట్టు వేసినప్పుడు మనసులో ఉన్నది ఆవు, గేదె కదా అని సర్దుకున్నాడు. కానీ ఆత్మకథలో, ఒట్టు మాట నిలిచింది గానీ దాని ఉద్దేశం చచ్చిపోయిందన్న అర్థంలో ఒప్పుకున్నాడు. పాలు కూడా జంతువు నుంచి వచ్చేవే, అచ్చమైన శాకాహారం కాదు అనీ రాశాడు. ఆయనతో నాకు చాలా విషయాల్లో పేచీ ఉంది. ఈ విషయంలో మాత్రం లేదు. పాలు, నెయ్యి తాగుతూ మన కోడికూరను చూసి ముక్కు మూసుకునేవాళ్ళు ఆ పేజీ చదివితే బాగుండు.

మనమూ చదవాలి. సంతలో కొన్న బాయిలర్ కోడిని చేతిలో పట్టుకుని "ఇది మా సంస్కృతి" అంటే కుదరదు. ఆ కోడి పుట్టిన షెడ్డును మన తాతలు చూడలేదు. పశువుల పెంపకం నుంచి వెలువడే వాయువులు మనుషుల వల్ల వచ్చే మొత్తంలో నూటికి 14.5 వంతు అని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2013లో లెక్క చెప్పింది. అందులో మన వాకిట్లో తిరిగే నాలుగు కోళ్ళ వాటా ఎంతని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ లెక్కే తప్పని కొట్టిపారెయ్యకూడదు.

పోటీలో ఆ రోజు మొదటి బహుమతి ఇవ్వలేదు. ఇద్దరికీ ఒక్కో నోటుబుక్కు ఇచ్చి, దసరా సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ళ చిన్నప్పుడు ఏ నెలలో ఏం వండారో అడిగి రాసుకు రమ్మన్నాను. అమ్మాయి పన్నెండు నెలలూ గీతలు గీసి తెచ్చింది. పండుగ నెలల్లో కోడి, మేక ఉన్నాయి. శ్రావణం ఎదురుగా ఖాళీ. "ఏమ్మా, ఇది వదిలేశావు?" అంటే "మా అమ్మమ్మ ఆ నెల సంగతి అడిగితే ఊరుకుంది సార్" అంది.

అబ్బాయి రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. పుస్తకం నిండా దుంపల పేర్లే, వాడికే ఆశ్చర్యంగా ఉంది. ఒక పేజీ మాత్రం చేత్తో మూసి పట్టుకున్నాడు. "మా తాత పెద్దకూర అని చెప్పాడు సార్. రాయొచ్చా?" అని మెల్లగా అడిగాడు.

"రాయి" అన్నాను. నా ముందే కూర్చుని రాశాడు.