కళింగసీమలోని పాతయిండ్ల పూర్వస్వాములు

విజయనగర శ్రీకాకుళ ప్రాంతములలో నూరేండ్లకు పైబడిన మండువాలోగిళ్లు నేఁటికిని కొన్ని నిలిచియున్నవి. అట్టి యిల్లెవరిదని యడిగినచో నూరివారు వెంటనే యొక వంశనామమును చెప్పుదురు. ఆ నామము తఱచుగా కడపటి స్వామిదో, అందు నివసించినవారిలో మిక్కిలి ప్రసిద్ధునిదో యగును గాని తొలిస్వామిది కాదు. విజయనగరమున గురజాడ అప్పారావుగారు నివసించిన గృహము వారి పేరనే స్మారకమై యున్నది. అది యుచితమే. కాని కీర్తి యొకపేరును నిలుపునప్పుడు తక్కిన పేర్లను కప్పివేయుటయు సహజమే. ఆ కప్పఁబడిన పేర్లను వెదకుట యెట్లు?

ఇందు మొదటి యడ్డంకి సర్కారులెక్కల మౌనము. 1802లో శాశ్వత శిస్తునిర్ణయము జరిగినపిమ్మట నీ సీమలో చాలభాగము జమీందారుల యధీనమున నుండెను. పొలమునకు శిస్తు కలదు కాన పొలము లెక్కకెక్కెను. గ్రామకంఠములోని యింటిస్థలమునకు శిస్తు లేదు. అది యెవరిదో వ్రాయవలసిన యవసరము దఫ్తరునకుఁ గలుగలేదు.

ఇనాము పొందిన కుటుంబముల విషయమున మాత్రము కొంత వెలుఁగు కలదు. 1858లో నేర్పడిన ఇనాముకమీషనువారి రిజిస్టరులో దాత పేరు, తొలి ప్రతిగ్రహీత పేరు, నాఁటి యనుభవదారు పేరు, వయస్సు, ప్రతిగ్రహీతతో నాతనికిఁగల సంబంధము కానవచ్చును. అది భూమిని గూర్చిన లెక్కయే యైనను ఇంటివారి వంశక్రమమునకు మంచి యాధారము. ఐతే జమీందారీలలో 1802కుఁ బూర్వపు టినాములనే కమీషను గుర్తించెను. తరువాత జమీందారులు స్వయముగా నిచ్చిన దానము లందుఁ జేరలేదు. కాన రిజిస్టరులో పేరు లేనంతమాత్రమున నొక కుటుంబమునకు దానమే లేదని తేల్చుట సాహసము.

ఇంటికి నేరైన సాక్ష్యము దస్తావేజులే. నూఱు రూపాయలకుఁ దక్కువకాని స్థిరాస్తి క్రయము రిజిస్టరు పత్రముచేతనే జరుగవలెనని 1882 నాఁటి ఆస్తిబదిలీ చట్టము విధించినది. అంతకు ముందు నోటిమాటతో, స్వాధీనముతో సాగిన క్రయములకుఁ గాగితమే యుండదు. అట్టిచోట నక్కఱకు వచ్చునవి పొరుగింటి పత్రములు. ఏ క్రయపత్రమునందైనను నాలుగు దిక్కుల హద్దులు వ్రాయుదురు. ఒకయింటి పత్రము చెదలపాలైనను తూర్పింటివాని పత్రములో పడమటిహద్దుగా నా యింటిస్వామి పేరు నిలిచియుండును. పొరుగువానికి తన హద్దుతోనే పని గాని యితరుల వంశగౌరవముతోఁ బనిలేదు. అందుచేత నాతని మాట నమ్మఁదగినది. మగవారి యింటిపేరుతో వ్యవహరింపఁబడు గృహము నిజమునకు పసుపుకుంకుమల క్రింద నాఁడుబిడ్డకు వచ్చినదన్న సంగతి యిట్టి హద్దులవలననే బయటపడవచ్చును.

తేదీల విషయమున మఱింత జాగరూకత కావలెను. శకవర్షము చెప్పక ప్రభవాది నామమునే వ్రాసిన పత్రము పరిశోధకుని చిక్కులఁ బెట్టును. ఆనందసంవత్సర మనఁగా పద్మనాభయుద్ధమున విజయరామరాజు కూలిన 1794 కావచ్చును, 1854 కావచ్చును, 1914 కావచ్చును. రిజిస్టరు ముద్ర యున్నచో మూఁడవది. లేనిచో, పత్రములోని కర్త ఇనాము విచారణనాఁటికి బ్రదికియుండెనా యని చూచి తక్కిన రెంటిలో నొకదానిని నిశ్చయింపవలెను. ఫసలీ సంవత్సర మింత బాధింపదు. దానికి 590 కలిపినచో నా ఫసలీ ప్రారంభమగు క్రీస్తుశకవర్షము వచ్చును.

ఉత్తరమున నొడ్రదేశపు టంచునఁ గానవచ్చు గజపతుల అంకగణన మఱియొక చిక్కు. అందు 1 లేదు, లెక్క 2తో మొదలగును. 6తోను సున్నతోను ముగియు సంఖ్యలను విడుతురు, 10ని మాత్రము విడువరు. కావున 25వ అంక మనఁగా నా రాజు పాలనలో 21వ వర్షము. వర్షారంభము చైత్రమునఁ గాదు, భాద్రపద శుద్ధ ద్వాదశినాఁడు. ఈ నియమ మెఱుఁగక 25 అనియే లెక్కించువాఁడు క్రయమును నాలుగేండ్లు ముందునకు జరిపి, ఒక్కొక్కప్పుడు చనిపోయినవానిచేత సంతకము చేయించును!

శ్రీకాకుళమున నీ పని యింకను కష్టము. ఆ పట్టణము గోలకొండ సుల్తానులనాఁటినుండి ఫౌజుదారులకు స్థానమైనది కాన పూర్వపు సనదుల నెదుర్కొనుటకుఁ బారసీకజ్ఞానము కావలెను. మీఁదుమిక్కిలి శ్రీకాకుళపు తాలూకా 1936లో ఒరిస్సారాష్ట్ర మేర్పడువఱకు గంజాం మండలమున నుండి, పిదప విశాఖపట్టణ మండలమునఁ జేరి, 1950లో ప్రత్యేకమండల మయ్యెను. ఆ యూరి యింటిచరిత్రకై విశాఖపట్టణపు లెక్కలనే తిరగవేయువాఁడు ఛత్రపురమునఁ గల గంజాం దఫ్తరును మఱచినట్లే.

1948 నాఁటి చట్టముచే జమీందారీలు రద్దయినవి. నేఁడు పంపకములవేళ వారసులు తమ హక్కును నిరూపించు కాగితములను మాత్రము దాఁచుకొని, తాతలనాఁటి చెల్లుచీటీలను, తాటియాకు కట్టలను బాఱవేయుచున్నారు. వానిలోఁ బోవునది తమ యింటి చరిత్ర మాత్రమే కాదు, నాలుగు వైపుల పొరుగిండ్లది కూడను.