బాలవాడి గోడకు మళ్ళీ సున్నం

ప్రత్యేక సంచికకు పాత కట్టడాల చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. కోటల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను పసిపిల్లలు కూర్చున్న ఒక గది గురించి రాస్తాను. ఆ గది ఫైలులో నా సంతకం ఉంది.

పసిపిల్లలకు వేరే బడి అన్న ఆలోచనతో జర్మనీలో ఫ్రోబెల్ 1837లో ఒక సంస్థను ప్రారంభించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్', అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. తారాబాయి మోదక్ 1945లో బోర్డి గ్రామంలో పని మొదలుపెట్టి, పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిళ్ళలోకి తీసుకుపోయారు. 'ఆంగన్' అంటే ముంగిలి. 1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. 33 ప్రాజెక్టులతో ప్రారంభమయ్యాక అంగన్‌వాడీ అన్న మాట సర్కారు కాగితాల్లో స్థిరపడింది. పేరులో ముంగిలి ఉంది గాని కట్టడం లేదు. అందుచేత సత్రం, చావిడి, అద్దె గది, ఏది దొరికితే అదే బడి.

మా సమితి కేంద్రంలో బాలవాడికి దొరికింది పాత సత్రంలో ఒక గది. గానుగ సున్నంతో కట్టిన గోడలు, పైన మద్రాసు టెర్రసు. టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచేవారు. ఆడకూలీలు వరుసగా కూర్చుని బెల్లం, కరక్కాయ నీళ్ళు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. ఎండాకాలం లోపల చల్లగా ఉండేది.

1983లో కప్పు కారింది. ముసలి మేస్త్రి సున్నంతోనే బాగుచేయాలన్నాడు. అప్పటికి ఊళ్ళో గానుగ మూలపడింది. రేట్ల పట్టికలో ఆ పనికి రేటు దొరకలేదు. గుమాస్తాగా నేను పెట్టిన నోటు ఇది: సున్నం పనికి రేటు లేనందున సిమెంటుకు మంజూరు ఇవ్వవచ్చును. పైవారు సంతకం చేశారు. మేస్త్రిని మళ్ళీ ఎవరూ అడగలేదు, నేను కూడా.

సున్నపు గోడ నేల నుంచి పీల్చిన తడిని పూత గుండా గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తడి పైకి ఎగబాకుతుంది, ఉప్పు పేరుకుంటుంది, పూత ఉబ్బి పెచ్చులూడుతుంది. మూడు వర్షాకాలాల్లో అదే జరిగింది. కప్పు మీద అదనంగా పోసిన కాంక్రీటు బరువుకు తడిసిన దూలం వంగింది. పిల్లలను కిటికీ లేని అద్దె గదికి మార్చారు. అక్కడ దగ్గుతున్న పిల్లలను ఆఫీసుకు పోతూ రోజూ చూసేవాణ్ణి.

2022లో ఆ సత్రం కూలగొట్టే మాట వచ్చినప్పుడు మాలో కొందరం చందాలు వేసుకుని బాగుచేయించాము. సిమెంటు గీకించాము. దూలం ఒక్కటే మార్చాము. పై పూతకు మళ్ళీ సున్నమే. కొత్త గదికి లారీ బేకర్ ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ పద్ధతి పెట్టాము. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్య ఖాళీ వదలడం వల్ల ఇటుకల్లో సుమారు పావువంతు మిగులుతుంది, ఎండ వేడి కూడా తగ్గుతుంది. కప్పుకు కూల్చిన ఇళ్ళ మంగుళూరు పెంకులు. కొత్త గోడ కొంత కుంగడం సహజం గనుక పాత గోడకు కలపకుండా సందు వదిలాము. వేపచెట్టు కోసం గది నాలుగడుగులు జరిగింది. కప్పు నీరు ఇంకుడు గుంతలోకి పోతుంది. ఖర్చు తక్కువేమీ కాలేదు. సున్నం పని తెలిసిన చేతులు అరుదు, కూలి ఎక్కువ.

మూడు వర్షాకాలాలు గడిచాయి, గోడ పొడిగానే ఉంది. వరండా మాత్రం మిగిలిపోయింది. మీ ఊళ్ళో సున్నపు గానుగ రాయి ఎక్కడైనా పడి ఉన్నా, ఆ పని చేసిన మేస్త్రీలు జీవించి ఉన్నా, దయచేసి సంఘం కార్యాలయానికి ఒక కార్డు రాయండి.