శిశువును కడుగు నీరు

సంస్కృతమున ‘విష’ శబ్దమునకు గరళమనియే కాక జలమనియు అర్థము కలదు. అమరము చెప్పునపుడు ఈ మాటకడ బాలురు నవ్వుదురు. ప్రాణము నిలుపుదానికిని తీయుదానికిని ఒక్కటే పేరా యని అడుగుదురు. మేమును వారితో నవ్వి ఊరకుండెడివారము. ఉత్తర ఐర్లండులో 2011 డిసెంబరునను 2012 జనవరిని జరిగిన యొక ఉదంతమును చదివిన పిదప ఆ నవ్వు మాకు రాకున్నది.

దానికి ముందు పాతకథ యొకటి చెప్పవలెను. 1847లో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు, శవపరీక్ష చేసి పురిటిగదికి వచ్చువారు క్లోరిన్ కలిసిన సున్నపునీటితో చేతులు కడుగుకొని తీరవలెనని నియమము పెట్టెను. ఏప్రిలులో ఆ విభాగమున నూటికి 18 మంది బాలింతలు మరణింపగా, జూనులో ఆ సంఖ్య ఇంచుమించు 2కు దిగెను. నాటి పెద్దలలో పలువురు ఆయనను ఆదరింపలేదు. కాలము మాత్రము ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. క్రమముగా ఆసుపత్రులలో గదిగదికిని చేతులు కడుగు తొట్టియు కుళాయియు వెలసినవి. కుళాయి శుచికి గుర్తయ్యెను. శుచికి గుర్తయినదానిని శంకించుట ఎవరికి తోచును?

2011 డిసెంబరులో లండన్‌డెర్రీలోని ఆల్ట్‌నగెల్విన్ ఆసుపత్రి నవజాతశిశు విభాగమున ఒక పసికందు స్యూడోమోనాస్ అను సూక్ష్మజీవి సోకి మరణించెను. మఱుసటి నెలలో బెల్ఫాస్టు నగరపు రాయల్ జూబిలీ ప్రసూతి ఆసుపత్రిలో మఱి ముగ్గురు శిశువులు అదే జాతి సూక్ష్మజీవికి బలియైరి. ఇది క్రొత్తగా పుట్టినది కాదు. గాయపుకట్లకు నీలిపచ్చ రంగు పట్టించునది ఇదియేయని ఫ్రాన్సులో గెస్సార్ అను శాస్త్రజ్ఞుడు 1882లోనే వేఱుచేసి చూపెను. తడి యున్నచోట ఇది సుఖముగా బ్రదుకును. ఆరోగ్యవంతులను తఱచుగా బాధింపదు. నెలలు నిండక పుట్టి, పలుచని చర్మముతో, సూదుల నడుమను గొట్టముల నడుమను ఊపిరి నిలుపుకొను శిశువునకు మాత్రము ప్రాణాంతకము.

ఆచార్య పాట్ ట్రూప్ అను విదుషి ఆధ్వర్యమున విచారణ జరిగెను. కుళాయిలను విప్పి చూడగా, ధార చిందక తిన్నగా పడుటకై మూతికి అమర్చిన జల్లెడవంటి చిన్నభాగమున ఆ సూక్ష్మజీవి గూడుకట్టి యుండెను. త్రాగుటకు యోగ్యమైన నీరైనను, గోరువెచ్చనై సందులలో నిలిచినచో అచట జిగురుపొర పేరుకొనును. ఆ పొరలోనికి క్లోరిన్ సులభముగా చొరదు. రక్షణకై పెట్టిన కుళాయియే కీడునకు నెలవైనది! అట్టి విభాగములలో శిశువులను కడుగుటకు సూక్ష్మజీవరహితముగా సిద్ధపఱచిన నీటినే వాడవలెనని అంతట నిర్ణయించిరి.

2013లో ఇంగ్లండు ఆరోగ్యశాఖ ఇట్టి విభాగములకై సూచనలు ప్రకటించెను. ఆఱుమాసములకొకసారి కుళాయినీటిని పరీక్షింపవలెను. 100 మిల్లీలీటర్లలో ఈ సూక్ష్మజీవి ఒక్కటియు కనబడరాదు. నిత్యము కుళాయిని కొంతసేపు విడిచి నిలువనీటిని పోనీయవలెను. చేతులు కడుగు తొట్టిలో ఒడలు తుడిచిన నీరు గాని మిగిలిన ద్రవములు గాని పారబోయరాదు. నెదర్లాండ్సులోని నైమేఖెన్ నగరమున పెద్దల తీవ్రచికిత్సాగదులనుండి తొట్లనే తొలగించి చూడగా, ఇట్టి కొన్ని సూక్ష్మజీవులు రోగులకు అంటుట తగ్గెనని 2017లో ప్రకటించిరి.

ఇది విని చేతులు కడుగుట మానుదమని ఎవరును తలపరాదు. సెమ్మెల్వైస్ మాట నేటికిని సత్యమే. అట్టి గదులలో చేతులు కడిగి ఆర్చుకొనిన పిదప ఆల్కహాలు ద్రవమును రుద్దుకొందురు. మేము చెప్పదలచినది వేఱు. నిన్నటి సంస్కరణము నేడు ఆచారమగును. ఆచారమైన వెనుక దానిని పరీక్షించువారుండరు. మడి పేరిట తడిబట్టను పూజించి, ఆ బట్ట తడిపిన నీరెట్టిదో చూడని అలవాటు మన యిండ్లలో లేదా? బెల్ఫాస్టు వైద్యులు మూఢులు కారు. పండితులకే ఇట్టి ఏమఱుపాటు కలుగగా మనమెంత!

మీ యింటి శిశువు నెలలు నిండక పుట్టి ఆసుపత్రిలో నుండవలసి వచ్చినచో, “అమ్మా, బిడ్డను ఏ నీటితో తుడుచుచున్నారు?” అని దాదిని మర్యాదగా అడుగుడు. ఆ ప్రశ్నలో అవమానము లేదు. దానిని ముందుగా అడుగువారు లేకనే, నలుగురు తల్లులు రిక్తహస్తములతో ఇంటికి మఱలిరి.